గేటు బయటి కుర్చీ

మా చెల్లెకు ఈత వచ్చు. ఈ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే అది పోయాక పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ "ఈత రాని పిల్లను నీళ్ళల్లకు ఎట్ల తోలిన్రు?" అనే అడిగారు. మా వాడకట్టులో ఏ మగవాడికన్నా దానికి బాగా వచ్చు. తొర్రూరు దగ్గర మా మేనత్త వాళ్ళ పొలం బావిలో నేర్చుకుంది. నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి అత్త తోసేసేది. కొన్నాళ్ళకు బుర్ర కూడా అక్కర్లేకపోయింది. లంగాను గోచిలా పైకి దోపుకుని గట్టు మీంచి దూకేది. మామ అక్కడే కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. ఎవరి పరువూ పోలేదు. నేను మాత్రం బుర్ర కట్టినా దిగలేదు. నోరు తప్ప నాకు ధైర్యం ఎక్కడిది?

బాపుది రైల్వే ఉద్యోగం. కాజీపేటలో ఉండేవాళ్ళం. డెబ్బయిల్లో మాకు అందేంత దూరంలో ఒక స్విమ్మింగ్ పూల్ తెరిచారు. ఎక్కడో చెప్పను. చెబితే ఇవాళ కూడా ఎవరో ఒకరు తప్పు తమది కాదని వాదనకు లేస్తారు. వాదన నాకు కొత్తా? కానీ ఈ ఒక్క విషయంలో ఇంక ఓపిక లేదు.

వారానికి ఒక పూట ఆడవాళ్ళకని కేటాయించారు. ఆ పూట మగపురుగు లోపల ఉండకూడదు. మునిగేవాళ్ళను తీయడానికి పెట్టుకున్న గార్డు కూడా మగవాడే గనక, అతని కుర్చీ గేటు బయట వేసేవాళ్ళు, అదీ రోడ్డు వైపు తిప్పి. లోపల కాపలాకు పెట్టిన ఒక ఆయమ్మ గేటుకు గడియ పెట్టుకుని కూర్చునేది. ఆమెకు ఈత రాదు. పైగా స్త్రీలు నిండు దుస్తులతోనే దిగాలని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించారు. పెద్దపిల్లలైతే లంగా, జాకెట్టు, వోణీ. నీళ్ళు మార్చిన రోజు మగవాళ్ళది. మా పూట వచ్చేసరికి అవి పాచి రంగుకు తిరిగేవి. మెట్టు మీద నిలబడితే మోకాలి కింద నా కాలు నాకే కనబడేది కాదు.

నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. చెల్లెను వెంటబెట్టుకుని అక్కడి ఆఫీసులో పెద్దమనిషి దగ్గరికి పోయాను.

"సార్, అడుగు కనబడ్తలేదు. ఎవరన్న మునిగితే ఎట్ల ఎర్కైతది?"

"మందు కలుపుతాన్రమ్మా. రోగాలు రావు."

"నేనడిగింది రోగాల సంగతి కాదు, మునిగేటోళ్ళ సంగతి. గార్డును లోపల కూసోవెట్టున్రి."

"ఆడోళ్ళు తానాలు చేస్తాంటే మొగోన్ని కూసోవెట్టాల్నా? సదువుకున్న పిల్లవు, మంచిగున్నదా ఆ మాట?"

"తానం కాదు సార్, ఈత. మొగోడు వద్దంటే ఈతొచ్చిన ఆడామెను పెట్టున్రి."

"మన దిక్కు ఈతొచ్చిన ఆడామె ఏడ దొరుకుతదమ్మా!" అని కడుపు కదిలేలా నవ్వాడు.

చెల్లె నా చెయ్యి పట్టి గుంజింది. "నడువే అక్కా, లొల్లి వెట్టకు. నేనున్న గద. నీకెందుకు ఫికర్?"

ఆ తర్వాత మా పూటకు చెల్లే గార్డు అయింది. జీతం లేదు, కుర్చీ లేదు. కొత్తవాళ్ళు దిగితే లోతు వైపు తనే నిలబడి కాసేది.

ఆ రోజు ఎండ మంచిగా ఉంది. బజారులో దుకాణం వాళ్ళ కొత్తకోడలొకామె చీరతోనే దిగి, అంచు పట్టుకుని నడుస్తూ నడుస్తూ లోతులో చెయ్యి వదిలేసింది. చెల్లె ఒక్క ఊపున పోయి పట్టుకుంది. ఆమె భయంతో చెల్లె భుజాలెక్కింది. చెల్లె కింద నుంచి తోసింది, మేము పైకి గుంజాం. ఆమె దగ్గుతూ నీళ్ళు కక్కింది. "పాణమున్నది, పాణమున్నది" అని అందరూ ఆమె చుట్టూ మూగారు.

చెల్లెను మెచ్చుకుందామని నీళ్ళవైపు తిరిగాను. నీళ్ళు కదలడం లేదు. పచ్చగా, నున్నగా, ఎవరూ దిగనట్టే ఉన్నాయి.

అరుచుకుంటూ గేటు దగ్గరికి ఉరికాను. ఆయమ్మ గడియ మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు బిడ్డా! అందరు తడిబట్టల మీదున్నరు. జర టువ్వాలలు కప్పుకోనియ్యి."

"నా చెల్లె మునిగిందమ్మా!"

"గిప్పుడే తీస్త బిడ్డా, వాళ్ళను లోపలికి పోనియ్యి."

వెనక ఆడవాళ్ళు కేకలు వేస్తూ బట్టల గదివైపు పరిగెత్తుతున్నారు. ఆయమ్మ చెయ్యి కొరికి గడియ లాగాను. గార్డు గేటుకు ఆనుకునే నిలబడి ఉన్నాడు. అన్నీ విన్నాడు. తల వంచుకుని అడిగాడు: "రావచ్చునా అమ్మా?"

దూకిన తర్వాత అతను చేయగలిగిందంతా చేశాడు. ఏం కనబడుతుంది ఆ నీళ్ళలో? మునిగి తడుముతాడు, పైకొచ్చి ఊపిరి తీసుకుంటాడు, మళ్ళీ మునుగుతాడు. చివరికి బయటికి తెచ్చినప్పుడు వోణీ దాని మోకాళ్ళ చుట్టూ బిగిసిపోయి ఉంది. దవాఖానలో డాక్టరు నాడి ఎక్కువసేపు పట్టుకోలేదు.

బంధువుల్లో ఒక పెద్దామె అమ్మ తల నిమురుతూ, "ఏడ్వకు. నిండు బట్టలతోని పోయింది, మానంతోని పోయింది బిడ్డ" అంది. అమ్మ అవునన్నట్టు తల ఊపింది.

"మానం వచ్చి దాని కంచం ముందర కూసోని బువ్వ తింటదా?" అన్నాను. నన్ను లోపలి గదిలోకి తోశారు.

పూల్ వాళ్ళు కూడా గుణపాఠం నేర్చుకున్నారు. ఆడవాళ్ళ పూట ఎత్తేశారు. గార్డు కుర్చీ మళ్ళీ లోపలికి వెళ్ళింది. మేము బయటికి వచ్చాం.

ఎనభైలు అయిపోవస్తుండగా ఆడవాళ్ళ పూట మళ్ళీ పెట్టారని తెలిసింది. నా బిడ్డను తీసుకుని బయలుదేరితే అమ్మ వాకిట్లో అడ్డం నిలబడి, "ఒకదాన్ని మింగింది సాలదానే?" అంది. బిడ్డ చెయ్యి పట్టుకుని పక్కనుంచి నడిచాను.

గేటు బయట కుర్చీ. రోడ్డు వైపే తిప్పి ఉంది. గార్డు కొత్తవాడు.

"లోపలికి రా తమ్మీ."

"నౌకరి పోతది మేడం."

కుర్చీ నేనే ఎత్తుకుని లోపలికి నడిచాను. కుర్చీ పోతుంటే అతనూ వెనక వచ్చాడు. లోపల గగ్గోలు.

"ఏం ఆడిదమ్మా ఇది! మొగోన్ని తోలుకొస్తాంది!"

"టువ్వాలలు ఇప్పుడే కప్పుకోండ్రి. మునిగినంక కప్పుకుంటే ఆలస్యమైతది" అన్నాను.

అతను గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"గోడ మునుగుతదా తమ్మీ? నీళ్ళదిక్కు తిరుగు."

తిరిగాడు. ఆడవాళ్ళు నన్ను తిట్టుకుంటూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నిక్కరు, చొక్కా వేసుకున్న నా బిడ్డ లోతు లేని వైపు ఒక్కతే మిగిలింది, నీళ్ళు కొడుతూ, నవ్వుతూ.

"అమ్మా, నన్ను సూడు! గటెందుకు సూస్తానవ్?"

నేను లోతు వైపు చూస్తున్నాను. ఆ పొద్దునే నీళ్ళు మార్చారట. అడుగున పలకలు, పలకల మధ్య గీతలు, అన్నీ కనబడుతున్నాయి. ఈ మూల నుంచి ఆ మూల దాకా చూశాను. ఎవరూ లేరు.