వేర్ల ఊపిరి కొలవబోతే

మొన్న శామీర్‌పేట కాడ నేను జేసిన ఘనకార్యం ఇనుండ్రి. ముందే జెప్తున్న, మిషన్ ఖరాబ్ గాలే, పంట ఖరాబ్ గాలే. నా ఇజ్జత్ ఒక్కటే పోయింది.

నా పీహెచ్‌డీ దేని మీదనో మీకెరుకే గదా, మొక్కల వేర్లు ఊపిరి ఎట్ల తీస్తయి అని. నవ్వకుండ్రి! వేర్లు గుడ మన లెక్కనే ఆక్సిజన్ తీస్కొని కార్బన్ డయాక్సైడ్ ఇడుస్తయి. సన్న వేర్లు జోరుగ, లావు వేర్లు నిమ్మళంగ. మన్ను వేడెక్కితే రెండు గుడ ఇంకింత జోరు. గదే కొలిసెటందుకు ఓ చెలకల సజ్జ, కంది పక్కపక్కన ఏసినం. సజ్జకు వెంట్రుకలసొంటి వేర్లు, కందికి లావు తల్లివేరు. మన్నుల ప్లాస్టిక్ రింగులు దిగ్గొట్టి, వాటి మీద మిషన్‌ను గిన్నె లెక్క బోర్లిస్తే, లోపల ఎంత గ్యాస్ పెరుగుతాందో స్క్రీన్ మీద కనవడ్తది.

గా మిషన్ మాది గాదు. మా గైడ్ మేడం వేరే డిపార్ట్‌మెంటోళ్లను బతిమాలి తెచ్చింది. సాయంత్రం కల్లా వాపస్ ఇయ్యాలె. తెల్లారి నా పీహెచ్‌డీ పని చూసే కమిటీ మీటింగ్. పోయినసారి వానలని జెప్పి ఖాళీ చేతుల్తోటి పోతే, మేడమే నా తరఫున మాట్లాడి కాపాడింది. ఈసారి గుడ గట్లనే పోతే ఇంటికి పంపుతరు!

మా నాయిన మేడ్చల్‌ల ఆటో నడుపుతడు. పొద్దున్నే నన్ను, మిషన్‌ను ఆటోల ఎక్కిచ్చుకున్నడు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా పెట్టెను పసిపిల్ల లెక్క గుండెకు హత్తుకుంటున్న.

"గంత రంది ఎందుకు బిడ్డా? పగిలేదైతే పెట్టెల పెట్టి ఇస్తరా?" అంటడు నాయిన. ధైర్యం జెప్తున్నడో, భయపెడ్తున్నడో సమజ్ గాలే.

చెలకల దిగి, సజ్జ నడుమ రింగు మీద మిషన్ బోర్లిచ్చిన. ఎండకు స్క్రీన్ కనవడ్తలేదు. ఏం జేసిన? మోకాళ్ల మీద కూసొని, చున్నీని నెత్తి మీదికెల్లి మిషన్ దాకా డేరా లెక్క కప్పి, లోపల మూతి పెట్టి చూసిన. అంకె ఎక్కుతాంది... ఎక్కుతాంది... ఆగుతనే లేదు! కంది కాడ గుడ అంతే. ఎండ ముదిరి మన్ను వేడెక్కినకొద్దీ ఇంకా పైకి! నేను చెమటలు కక్కుకుంట, రొప్పుకుంట ఎగపోస్తున్న గని, మనసుల ఒక్కటే సంబరం. నేను రాసుకున్న సిద్ధాంతమే కండ్ల ముంగట కనవడ్తాంది గదా!

మేడంకు ఫోన్ జేసిన. "మేడం, మస్తు రిజల్ట్ వచ్చింది!"

మేడం గొంతుల అనుమానం. "అంత ఎక్కువ రాకూడదే! ఏ మొక్కా లేని ఖాళీ రింగు పెట్టాం కదా, అక్కడ చూశావా?"

చూడలే. ఉరికిపోయి దాని మీద పెట్టిన. చున్నీ కప్పిన. అంకె సజ్జ కంటే ఎక్కువ! వేర్లే లేని కాడ ఊపిరి ఎవలు తీస్తున్నరు?

"కింద పామేమన్న ఉన్నదా బిడ్డా?" అన్నడు గట్టు మీద కూసున్న నాయిన.

"నాయినా, నువ్వు జర ఆగు!"

ఆగలే. నా పక్కన గొంతుక్కూసొని తలకాయ డేరాల దూర్చిండు. "గిది కాలిపోతాంది. గందుకే పిచ్చి లెక్కలు జెప్తాంది" అని, ఉడుకుడుకు చాయ మీద ఊదినట్టు ఉఫ్, ఉఫ్ అని మిషన్ మీద ఊదిండు. అంకె ఇగ పటాక లెక్క పైకి లేసింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. మిషన్ ఖరాబ్ జేసిన అనుకున్న. భయమైనకొద్దీ గుండె దడ, దడకు ఊపిరి, ఊపిరికి అంకె, అంకెను చూసి మళ్ల భయం!

ఫోన్ల సంగతి ఇని మేడం కొంపల్లి నుంచి కార్ల వచ్చింది. చున్నీ డేరాల రెండు తలకాయలు చూసి గట్టు మీదనే ఆగింది.

"ఇద్దరూ లేవండి. ఇటు రండి. ఇంకా దూరం."

చెప్పులు దొంగిలించినోళ్ల లెక్క పోయి గట్టు మీద నిలవడ్డం. మేడం ఊపిరి బిగవట్టి, వంగి స్క్రీన్ చూసింది. మిషన్‌ను పైకి లేపి, గాలి బయటికెల్లి రాకుండ రింగుకు మిషన్‌కు నడుమ బిర్రుగ మూసుకొని ఉండాల్సిన సందును చూసింది.

"రబ్బరు వాషర్ ఏదమ్మా?"

నెత్తి మీద పిడుగు వడ్డట్టయింది. ముందురోజు ట్రయల్‌ల మన్ను వట్టిందని కడిగి, ఇంట్ల దండెం మీద ఆరేసిన. ఆడనే ఉన్నది! సందులకెల్లి లోపలికి పోయింది నా ఊపిరి, మా నాయిన ఊపిరి. ఎండకు పెరిగింది వేర్ల శ్వాస గాదు, నా ఎగపోత!

మేడం అరవలే. అరిస్తే మంచిగుండు. "తీసుకురండి" అన్నది, గంతే. అమ్మకు ఫోన్ జేస్తే, "గా రబ్బరా? కుక్కర్‌ది అనుకొని డబ్బల దాసిన" అన్నది. నాయిన మేడ్చల్‌కు ఆటోను ఎట్ల ఉరికిచ్చిండో అడగకుండ్రి. ఆయన వచ్చేదాక నేను మేడం ముంగట ఊపిరి తీసుకునుడుకు గుడ సిగ్గువడ్డ.

వాషర్ వెట్టి, దూరం నిలవడి మళ్ల కొలిసినం. అంకెలు బుద్ధిగ కిందికి దిగినయి. సజ్జది కంది కంటే కొంచెమే ఎక్కువ. పొద్దు వాలి మన్ను సల్లవడుతుంటే రెండు గుడ తగ్గినయి. చిన్న ముచ్చటే, గని నిజం. మిషన్‌ను టైంకు వాపస్ ఇచ్చినం.

తెల్లారి కమిటీల అంత మంచిగనే నడిచింది. ఆఖరుకు ఓ పెద్దసారు కండ్లద్దాలు సదురుకుంట అడిగిండు, "ఎన్ని జాతుల్లో కొలిచావమ్మా?"

భయానికి నోరు జారింది. "మూడు సార్."

"సజ్జ, కంది... మూడోది?"

మేడం గబుక్కున నీళ్ల బాటిల్ ఎత్తి మొఖానికి అడ్డం వెట్టుకున్నది. నేనేం జెప్పాలె చెప్పుండ్రి? మూడోదాని వేర్లు మేడ్చల్‌ల ఉన్నయి సార్, అది మీ ముంగటనే నిలవడి ఎగపోస్తాంది అని జెప్పాల్నా?