తార్నాకలో ఉండొచ్చట

యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసే సుగుణ సాయంత్రం గేటు దాటగానే కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటుంది. అక్కడి నుంచి తార్నాకలోని ఇంటిదాకా తమ్ముడు శ్రావణ్‌తో ఫోన్‌లో మాట్లాడుతూ నడుస్తుంది. వేరే కులం పిల్లను పెళ్ళి చేసుకున్నందుకు ఆ పిల్ల అన్నలు చంపుతామంటే, అతను ఆస్ట్రేలియాలో రక్షణ వీసా అడిగాడు. అన్నలుండేది అంబర్‌పేటలో కాబట్టి తార్నాకలో అక్క దగ్గర ఉండొచ్చంటూ అక్కడి అధికారులు వీసా ఇవ్వలేదు. ఇప్పుడు కేసు కోర్టులో ఉంది. "చంపుతరా లేదా అన్నది జడ్జి చూడడక్కా. ఆఫీసర్లు రూల్ ప్రకారం చేసిన్రా లేదా, గంతే చూస్తడు" అంటాడు శ్రావణ్. "అంబర్‌పేట నుంచి గీడికి ఆటోల వస్తరు రా. గది ఎవరు చూస్తరు మరి?" అని ఆమె రోజూ విసుక్కుంటుంది.

నిన్న ఆమె గల్లీ మొదట్లో ఆ పిల్ల పెద్దన్న బండికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆ పెళ్ళిని ఏనాడూ ఒప్పుకోని మనిషి వరస కలిపి పలకరించాడు. "బావ ఎప్పుడొస్తుండు వదినా? మీ ఇంట్లనే ఉంటడంట కదా." సుగుణ గల్లీలోకి తిరగకుండా ముందుకే నడిచి, మందుల షాపు మెట్ల మీద ఆగింది. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. "విన్నవా? గిది చెప్పు జడ్జికి." "కోర్టుల కొత్త సంగతులు తీసుకోరక్కా" అన్నాడు శ్రావణ్.

"గిది కొత్తదెట్లయితది రా?" అంది సుగుణ.