చేపకాళ్ల అంకాలమ్మ

అంకాలమ్మ రోజూ తెల్లవారగానే గంగమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని, చేపల గంపతో గూడూరు బజారుకు వచ్చేది. పుట్టుకతోనే ఆమె కాళ్ల చర్మం పొలుసులు కట్టి ఉండేది. ఎవరో ఆ కాళ్లను ఫోనులో ఫొటో తీసి, పులికాట్ సరస్సులో చేపకన్య దొరికిందని ఊరూరా పంపారు. అప్పటినుంచి జనం కాళ్లు చూసి పోతున్నారే తప్ప, అరిష్టమని ఆమె చేపను ముట్టుకోవడం లేదు.

"అక్కా, తోక యాడ దాచినావు?" అన్నాడొక నిమ్మకాయల హమాలీ.

"తోకే ఉంటే ఈ గంప మోస్తానా నాయనా? ఈదుకుంటా పొయ్యేదాన్ని," అంది అలసటగా.

పక్కన పూలమ్మే రాఘవమ్మ ఎప్పటిలాగే తన టీలో సగం ఆమెకు పోసింది. రాఘవమ్మ చెయ్యి మంచిదని బజారంతా నమ్మకం. అంగళ్లవాళ్లు పిలిచి మరీ ఆమెతో బోణీ చేయించుకుంటారు.

అంకాలమ్మ గ్లాసు దించింది. "రాఘవమ్మా, రేపు నలుగురూ చూస్తుండగా నాకు బోణీ చెయ్యమ్మా. చేపను నా చేతుల్లోంచే తీసుకో," అని అడిగింది.