పట్టని మూడో వేలు

గిరాకీ ముందు నుంచి లేచినవాడికి బేరం దక్కదని కిరాణా కొట్టులో పెరిగిన నాకు చిన్నప్పుడే వంటబట్టింది. అందుకే అహేరి ఆస్పత్రిలో డాక్టరమ్మ బయటికి వెళ్లమన్నా కుర్చీ వదల్లేదు.

నా కూతురికి పదిహేనేళ్లు. కూరలో కాస్త కారం తగిలినా నోరు మంటంటూ ఏడుస్తుంటే సిరోంచ నుంచి మహారాష్ట్ర సర్కారు ఎస్టీ బస్సులో తీసుకెళ్లాను.

"ఈ వయసు పిల్లలను ఒక్కళ్లనే కూసోబెట్టి కొన్ని సంగతులు అడుగుతం. మీరు జర బయట కూసోండ్రి."

"నా ముంగట దాసేదేమున్నది మేడం? గోడ దిక్కు తిరిగి కూసుంట."

"బయట."

"పోనీ, తలుపు కాడ నిలవడ్త. సగం తెరిచి ఉండనీయుండ్రి."

ఆమె విసిగి ఒప్పుకుంది. సగం తలుపు గెలిచినందుకు మురిసిపోయాను.

ఖర్రా, గదే వక్కల తంబాకు కలిపింది, తింటవా? మందు తాగినవా? ఎవరన్న సతాయిస్తున్నరా? చచ్చిపోవాలనిపిస్తదా? అడిగిన ప్రతిసారీ పిల్ల తలుపు వైపు చూసి "లేదు" అంది. ప్రతి "లేదు"కీ నేను తలూపాను, సరుకుకు పూచీ పడ్డట్టు.

"మూడు వేళ్లు నిలువుగ నోట్లె పెట్టు బిడ్డా."

రెండే పట్టాయి. మూడోది పళ్ల దగ్గరే ఆగింది.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "వక్క నమిలి నమిలి దవడ గిట్ల బిగిసింది. ఇగనన్న పోతరా?"

వెళ్లాను. తలుపు మూసుకుంది. చాలాసేపటికి తెరుచుకుంది.

"ఖర్రా బంద్ చేయాలె, పెద్దాస్పత్రిల చూపియ్యాలె. గిది మీకు చెప్పుమన్నది."

"ఇంకేం చెప్పింది మేడం?"

"మిగతాది ఆమెది. పానం మీదికొచ్చే ముచ్చటైతే మీకు చెప్పేదాన్నే."

"ఒక్క ముక్క?"

"అర ముక్క గూడ లేదు."

బస్టాండ్‌లో పిల్లను అడిగాను. "ఖర్రా ఎవరిచ్చిన్రు?"

"ఒకరిచ్చేదేంది బాపు? మన దుకాన్ల వక్క లేదా? తంబాకు లేదా?"

"ఇంకేం చెప్పినవ్ ఆమెకు?"

బస్సు వచ్చే దారి వైపు చూసింది.

"చెప్పు బిడ్డా, కొత్త ఫోన్ కొనిస్త."

"డాక్టరక్క ఏం కొనియ్యకుండ ఉత్తగనే విన్నది బాపు" అంటూ నవ్వింది. నవ్వడానికి కూడా నోరు రెండు వేళ్ల మందమే తెరుచుకుంది.