వెనుక టైర్లలో తగ్గిన తొమ్మిది పౌండ్లు

గుడియాత్తంలోని ఆ వీధిలోకి నా కారు ప్రవేశించినప్పుడు సమయం సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. గురువారం. మే నెల. ఎండ తగ్గలేదు. వీధి వెడల్పు పన్నెండు అడుగులు. ఎడమవైపు నా వియ్యంకుడి ఇల్లు, కుడివైపు ఇనుప గేటున్న మేడ. కారును ప్రహరీ గోడ పక్కన నిలిపాను. వెనుక చక్రాలు వీధి మలుపు వైపు ఉన్నాయి. ఇంటి అరుగు మీది నుంచి అవి కనబడవు. ఆ లోపాన్ని దిగీ దిగగానే గుర్తించాను.

సైన్యంలో ఇరవై ఎనిమిదేళ్లు రవాణా విభాగంలో పనిచేసి సుబేదారుగా విరమించాను. ఎడారిలోనూ, మంచు కనుమల్లోనూ బళ్లు నడిపించాను. అయినా అత్యంత కఠినమైన విధి ఏదని ఎవరైనా అడిగితే, గుడియాత్తంలో గడిపిన ఇరవై ఆరు రోజులనే చెబుతాను. యూనిఫారం వేసుకోనివారికి ఇది వింతగా తోచవచ్చు.

విధి ఇది. నా కుమార్తెకు ఎనిమిదో నెల. తొలి కాన్పు. ఆనవాయితీ ప్రకారం పుట్టింటికి తీసుకురావాలి. కాట్పాడిలోని నా ఇంట్లో ఆడదిక్కు లేదు. నా భార్య పోయి ఆరేళ్లయింది. అల్లుడి ఉద్యోగం బెంగుళూరులో. మాయ కిందికి ఉందని వేలూరు డాక్టరమ్మ చెప్పింది. కుదుపులు తగలకూడదు. మంగళవారం, శుక్రవారం పరీక్షకు రావాలి. రక్తం కనబడితే గంటలోపల ఆస్పత్రిలో ఉండాలి. గుడియాత్తం నుంచి వేలూరుకు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. అందుచేత కారుతో, కాలి పంపుతో, గాలి కొలిచే గేజీతో నేనే అక్కడికి వెళ్లాను.

డ్రైవరు తలుపు పక్కన అంటించిన చీటీ ప్రకారం నాలుగు టైర్లకూ ముప్పై మూడు పౌండ్ల గాలి. బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉండగా చూడాలి. ప్రతి ఉదయం ఆరు గంటలకు చూసి నోటుబుక్కులో రాశాను.

మొదటి శుక్రవారం అన్నీ సరిగ్గా ఉన్నాయి. వేలూరు వెళ్లి తిరిగివచ్చాము. రానుపోను సమయాలు రాసుకున్నాను.

మంగళవారం ఉదయం ముందు టైర్లు ముప్పై మూడు. వెనుక టైర్లు రెండూ ఇరవై నాలుగు.

మేకు దిగితే ఒక టైరు తగ్గుతుంది. రెండు టైర్లు ఒకేసారి, ఒకే మేరకు తగ్గవు. సబ్బు నురుగు రాసి చూశాను. ఒక్క బుడగ లేవలేదు. కాలి పంపు తొక్కి గాలి నింపి బయలుదేరాను. బుధ, గురువారాలు మార్పు లేదు. శుక్రవారం మళ్లీ ఇరవై నాలుగు. వెనుకవి మాత్రమే.

ఇది మనిషి పని. పైగా మా ప్రయాణపు రోజులు తెలిసిన మనిషి పని.

అనుమానం ఎదురింటి వ్యాపారి మీదికి పోయింది. నేను వచ్చిన సాయంత్రమే ఆయన గేటు దగ్గరికి వచ్చి, "సార్, మీ బండి ముక్కు నా గేటు ముందర ఉండాది. రెండడుగులు ఎనక్కి పెట్టండి" అన్నాడు. నేను ఒక అడుగు జరిపాను. ఉదయం అయిదున్నర నుంచి ఆయన గేటు ముందు కుర్చీ వేసుకుని పేపరు చదువుతాడు. మా వియ్యపురాలు అరుగు మీద కూర్చుని ఫోనులో ప్రయాణాల వివరాలన్నీ వీధికంతా వినబడేట్టు చెబుతుంది. అన్నీ పొసిగాయి.

సోమవారం సాయంత్రం వెనుక చక్రాల వాల్వు మూతల మీదుగా రిమ్ము దాకా సుద్దముక్కతో గీత గీశాను. మూత తిప్పితే గీత తెగుతుంది. మంగళవారం ఉదయం గీత తెగి ఉంది. గాలి ఇరవై నాలుగు. వీధి దాటాను.

"నా కారు టైర్లలో గాలి తీసింది మీరేనా?"

ఆయన పేపరు మడిచాడు. "నేనెందుకు తీస్తానప్పా? నాకేం పనీపాటా లేదనుకుంటివా?"

"మీరు కాకపోతే ఈ వీధిలో ఎవరికి అవసరం?"

నాలుగు తలుపులు తెరుచుకున్నాయి. నా కుమార్తె నడుము పట్టుకుని బయటికి వచ్చింది.

"నాయనా, లోపలికి రా. ఈ వీధిలో కాపరం చేయాల్సింది నేను, నువ్వు కాదు."

వచ్చాను. అనుమానాన్ని మాత్రం వదలలేదు.

శుక్రవారం ఉదయం అయిదుంబావుకు, వీధి మలుపులో పేర్చిన ఇటుకల వెనుక నిలబడ్డాను. అక్కడి నుంచి వెనుక చక్రాలూ, ఎదురింటి గేటూ కనబడతాయి. అప్పుడప్పుడే తెల్లవారుతోంది. గొడవైన నాటి నుంచి ఎదురింటి కుర్చీ బయటికి రాలేదు. అయిదు ముప్పై అయిదుకు గేటు తెరుచుకుంది. ఎదురింటిది కాదు. మాది.

బయటికి వచ్చినవాడు నా వియ్యంకుడు. ఇళ్లు కట్టే మేస్త్రి. భుజాన తువ్వాలు, కాళ్లకు చెప్పుల్లేవు. వెనుక చక్రం దగ్గర గొంతుకూర్చున్నాడు. మూత తిప్పాడు. జేబులోంచి మేకు తీసి వాల్వు నొక్కాడు. గాలి బుసకొట్టింది. అరచేతిని టైరు మీద ఆనించి, చెవి దగ్గరగా పెట్టి, కళ్లు మూసుకుని లెక్కపెడుతున్నాడు.

"బావగారూ!" అన్నాను.

అతడు కళ్లు తెరవలేదు. "ఉండు బావా, లెక్క తప్పుతాది. పద్దెనిమిది... పంతొమ్మిది." మూత బిగించాడు.

"ఏం చేస్తున్నారు?"

"కనబళ్ళేదా? గాలి తీస్తాండా."

"ఎందుకు?"

"టైల్సు మోసే తోపుడు బండికి మేము గాలి తగ్గిస్తాం. టైరు గట్టిగా ఉంటే అంచులు పగల్తాయి. మెత్తగా ఉంటే ఒక్కటీ పగలదు. నలభై ఏండ్ల నుంచి చేస్తాండా. మొదటి శుక్రవారం నీ బండి ఎనక సీటు నుంచి దిగేటప్పుడు ఆ పిల్ల కడుపు పట్టుకోని దిగింది. నువ్వు గడియారం చూసుకుంటాంటివి."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"నీకెవరు చెప్తారు బావా? మూతకు గీత గీసి, ఇటికెల ఎనక కాపలా కాసే మనిషివి. నేను తీస్తి, నువ్వు కొడితివి. మళ్లీ నేను తీస్తి."

ఎడారి ఇసుకలో బళ్లు కూరుకుపోకుండా నేనే లారీల టైర్లలో గాలి తీయించాను. అవసరాన్ని బట్టి గాలి తగ్గిస్తారన్నది నాకు తెలియనిది కాదు. కానీ తోపుడు బండి వేరు, హైవే మీది కారు వేరు. ఆ మాటే చెప్పాను. మెత్తబడ్డ టైరు వేగానికి వంగి వంగి వేడెక్కుతుంది. ఈ ఎండకు పేలుతుంది.

"తోపుడు బండి టైరు పేలితే టైల్సు పోతాయి. ఇది పేలితే?"

అతడు మేకును జేబులో వేసుకున్నాడు. "అది నాకు తెలీదు బావా" అన్నాడు. తరువాత తనే పంపు తెచ్చి తొక్కాడు. నేను గేజీ పట్టుకున్నాను.

ఆ రోజు నుంచి ఉత్తర్వులు మారాయి. గాలి ముప్పై మూడు, మార్పు లేదు. వెనుక సీటులో బూరుగు దూది పరుపు. ఊళ్లలో వేగం ముప్పై, హైవే మీద అరవై. మేస్త్రి ముందు సీటులో కూర్చుని స్పీడు బ్రేకర్లు ముందుగా చెప్పాలి. ఇసుక, ఇటుక తోలించిన దారి. ప్రతి మిట్టా అతడికి తెలుసు.

సోమవారం. పరీక్ష లేని రోజు. ఉదయం తొమ్మిది నలభైకి నా కుమార్తె గొంతు వినబడింది. "నాయనా, రక్తం కనబడతాండాది." ఆరు గంటలకే టైర్లు చూశాను. తొమ్మిది నలభై అయిదుకు బయలుదేరాము. ఆమె తల అత్తగారి ఒడిలో ఉంది.

"స్కూలు ముందర ఒకటి. మెల్లగా."

"దాటాను."

"ముందర జంటగా రెండు."

"చూశాను."

"ఇంగ హైవే దాకా ఏమీ లేదు. పో బావా, పో."

విరించిపురం దాటేటప్పుడు పది ఇరవై రెండు. తారు మెరుస్తోంది. పది ముప్పై ఎనిమిదికి ఆస్పత్రి గేటు. యాభై మూడు నిమిషాలు. ఆపరేషను జరిగింది. పదకొండు యాభైకి ఆడపిల్ల. ఇద్దరూ క్షేమమని డాక్టరమ్మ బయటికి వచ్చి చెప్పింది.

వరండాలో మేస్త్రి కనబడలేదు. వెతికితే కారు దగ్గర ఉన్నాడు. దాన్ని నేను గేటు పక్కన ఎండలోనే వదిలి వచ్చాను. వెనుక టైరును తాకి చెయ్యి తీసేశాడు.

"ఇంకా కాలతాండాది బావా."

"నిండుగా ఉంటేనే ఇంత."

అతడు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

శనివారం తల్లీబిడ్డలను ఇంటికి తెచ్చాము. ఆదివారం ఎదురింటికి వెళ్లాను. "పొరపాటు నాది. క్షమించండి" అన్నాను. ఆయన ఇంకో కుర్చీ తెప్పించాడు.

"ఆయన గాలి తీసేది మూడుసార్లు చూసినా సార్."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు తీసినావా అని అడిగితిరి. ఎవరు తీసినారని అడగలేదే! అయినా ఇంటి పెద్ద ఇంటి ముందరి కారుకు గాలి తీసుకుంటే నేనేం చెప్పేది?" కాఫీ తాగాక గేటు వైపు చూపించాడు. "ఆ మిగిలిన ఒక్కడుగు మాత్రం జరపండి."

జరిపాను. మరునాడు ఉదయం కాట్పాడికి తిరిగివచ్చాను.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆరు గంటలకు నా షెడ్డులో టైర్లు చూస్తాను. మూతల మీద గీత గీయడం మానలేదు. గీత ఎక్కడిదక్కడే ఉంటుంది. దాన్ని తెంపేవారు ఈ ఇంట్లో లేరు. వెనుక చక్రం దగ్గర వంగినప్పుడల్లా తెల్లవారుజామున ఆ వీధిలో గొంతుకూర్చున్న మనిషి కనబడతాడు. సున్నానికి పగుళ్లిచ్చిన అరచెయ్యి నల్లటి టైరు మీద. చెవి గాలి దగ్గర. కళ్లు మూసి ఉన్నాయి. పద్దెనిమిది... పంతొమ్మిది.