సున్నా రాయమన్న ప్రొఫెసరమ్మ

ఆరిన్ థర్లో నలభై ఏళ్లుగా అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు తీరంలో లాబ్‌స్టర్ బోనులు వేసి బతుకుతున్నవాడు. ఎవరినీ ఒక పట్టాన నమ్మడు. మార్గెరీట్ ఊలెట్ అనే సివిల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ మీద అతనికి మొదటి రోజే అనుమానం పుట్టింది. ఆమె శనివారం శనివారం గంటన్నర కారు నడుపుకుంటూ అతని ఊరు పెల్ మిల్స్‌కి వచ్చి, చేపల మెట్ల దగ్గర నడుంలోతు నీళ్లలో దిగి కొలతలు తీసేది. చిల్లిగవ్వ రాని పనికి అంత చదువుకున్న మనిషి ఎందుకొస్తుంది?

ఏల్‌వైఫ్ చేప మన పులసకు దూరపు చుట్టమే. మే నెలలో సముద్రం వదిలి ఏటికి ఎదురీది, పాత మిల్లు ఆనకట్ట పక్కన కట్టిన రాతి మెట్లెక్కి, పై చెరువులో గుడ్లు పెడుతుంది. కొన్నిటిని ఊరు పట్టుకుంటుంది. ఆరిన్ బోనులకు అవే ఎర. భర్త పోయిన ఆడవాళ్లకు తలా రెండు బుట్టలు ఉచితంగా ఇవ్వడం తాతల నాటి ఆచారం. పక్క జిల్లాలో ఎవరో ఇలాగే వచ్చి చేపల్ని లెక్కపెడితే, మూడో ఏడు ప్రభుత్వం చేపలు తగ్గాయని వేట మూయించింది. ఆ సంగతి ఆరిన్ మరిచిపోలేదు.

"నీ రెండు బుట్టలకూ నీళ్లొదులుకో అక్కా," అన్నాడు థెల్మాతో. ఆమె భర్త పోయి పదేళ్లయింది.

"నా బుట్టలు ఆవిడేం చేసుకుంటుందిరా? నీకు నీ నీడంటేనే అనుమానం," అంది థెల్మా చేపలకు పొగపెడుతూ. "అంత బాధగా ఉంటే పోయి పక్కనే కూర్చో. కాపలా కాసినట్టుంటుంది."

ఆరిన్ ప్రొఫెసర్ కోసం చేపల్ని లెక్కపెట్టే ఊరివాళ్లలో చేరాడు. మంగళ, శుక్రవారాల్లో పొద్దున ఆరింటికి పై మెట్టు మీది బల్లపై పది నిమిషాలు కూర్చుని, దాటిన ప్రతి చేపకూ చేతిలోని లెక్కల మీట నొక్కాలి.

"చేప రాకపోతే సున్నా రాయండి," అంది ప్రొఫెసర్. "రాలేదు కదా అని చాలామంది వదిలేస్తారు. నాకు సున్నాలే ముఖ్యం."

ఇంకేం, దొంగ దొరికిపోయింది అనుకున్నాడు ఆరిన్. సున్నాలు పోగేసి వేట మూయించడానికే వచ్చింది మహాతల్లి. ఆ రోజు నుంచి సున్నా పడ్డ చోటల్లా ముప్పై అనో, నలభై అనో రాశాడు. అలా రెండు వసంతాలు రాశాడు. ఊరికి తాను చేస్తున్న మేలు ఎవరికీ చెప్పుకోలేకపోవడమే అతని బాధ.

ఆమె మాత్రం ఊళ్లో పాతుకుపోతూనే ఉంది. తన విద్యార్థుల్ని తెచ్చి ఏటిలో చెత్త తీయించింది. ఫైర్ స్టేషన్‌లో ఊరంతా కలిసి చేసుకునే బీన్స్ విందుకు వచ్చి అందరి పళ్లేలూ కడిగింది. ఏదో పెద్ద ఎత్తే వేసిందని ఆరిన్ గొణుక్కున్నాడు.

మూడో మే నెలలో ఒక గురువారం ఆమె కారు కనబడింది. ఆమె వచ్చే రోజు కాదు. ఆరిన్ మిల్లు గోడ చాటు నుంచి తొంగిచూశాడు. ఆమె వలతో చేపలు తోడుతోంది. రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకున్నానని బయటికొచ్చాడు.

"మా చేపల్ని ఎవరినడిగి పడుతున్నారు?"

"పట్టడం లేదు, పైకి వేస్తున్నాను," అంది రొప్పుతూ. "అయిదో మెట్టు రాయి ఎప్పుడో జారిపోయింది. ఆ నీటి జోరుకి ఇవి ఎక్కలేవు. బాగుచేయించమని ప్రభుత్వానికి రెండుసార్లు రాశాను. మన లెక్కలు చూపించే కాదన్నారు. మెట్టు పాడైతే మంగళ, శుక్రవారాల్లో అన్నేసి చేపలు ఎలా ఎక్కాయట. నా కొలతలే తప్పేమోనని మళ్లీ మళ్లీ కొలుచుకున్నాను."

మెట్టు కింద మడుగు నిండా చేపలు కొట్టుకుంటున్నాయి. కొన్ని అప్పటికే వెల్లకిలా తేలాయి.

"అవి నేను వేసిన లెక్కలు," అన్నాడు ఆరిన్. "మీరు వేట మూయిస్తారని అలా రాశాను."

"అందులో సున్నాలెన్ని?"

"దాదాపు అన్నీ."

ఆమె తిట్టలేదు. రెండో వల అతని చేతికిచ్చింది. మధ్యాహ్నం దాకా ఇద్దరూ చేపల్ని మోశారు. సాయంత్రం ఆరిన్ జరిగిందంతా కాగితం మీద రాసి సంతకం పెట్టాడు.

ఆ కాగితం చూసి ప్రభుత్వం ఆ వారమే వేట ఆపేసింది, శరదృతువులో మెట్టు కట్టించింది. "చివరికి మూయించింది నువ్వే కదరా," అంది థెల్మా, ఖాళీ పొగగదిలో నిలబడి.

మరుసటి మే, మంగళవారం ఆరింటికి ఆరిన్ వెళ్లేసరికి ప్రొఫెసర్ బల్ల మీద కూర్చుని ఉంది. ఆమె చేతిలోనూ ఒక మీట ఉంది. అతను పక్కన కూర్చుని తన మీట తీశాడు. పది నిమిషాలు గడిచాయి.

"నూట పన్నెండు," అన్నాడు.

ఆమె తన మీట వంక చూసుకున్నాకే పుస్తకంలో రాసింది.