దర్బారులో లేని స్తంభాలు

మా తాత కోటలో ఫొటోగ్రాఫరు కాదు. ఫొటోగ్రాఫరుకు కోటూ, పేరూ ఉండేవి. తాతకు ఉన్నదల్లా ఒక సన్నటి కత్తి, రెండు కుంచెలు, కిటికీ ఉన్న ఒక ఇరుకు గది. గాజు పలకల మీద పడ్డ మొహాల్లో మచ్చలూ ముడతలూ లేకుండా దిద్దడం ఆయన పని. రాణిగారికి పదేళ్లు తగ్గించింది మా ఆయనేనని నానమ్మ తెగ మురిసిపోయేది. పిచ్చిది, మిగతా పని సంగతి అప్పటికి ఆవిడకు తెలియదు.

రాజుగారికి ఎవరి మీదైనా కోపం వస్తే పైకి ఒక్క మాట అనేవారు కాదు. దర్బారు ఫొటో తాలూకు గాజు పలక తాత గదికి వచ్చేది. ఎన్నో మనిషిని తీసెయ్యాలో నోటిమాటగా కబురొచ్చేది. తాత ఆ మనిషిని కత్తితో గీకేసేవాడు. గీకినచోట ఫొటో కాగితం మీద నల్లగా చిల్లులా పడుతుంది కదా, అందుకని అక్కడ కుంచెతో ఒక స్తంభం నిలబెట్టేవాడు. ఆ ఫొటోను కోట గుమ్మంలో తగిలించేవారు. అందులో లేనివాణ్ణి కాపలావాళ్లు లోపలికి రానిచ్చేవారు కాదు. ఇరుగుపొరుగు కూడా వాణ్ణి ఎరగనట్టే పక్కకు తప్పుకునేవాళ్లు. కొన్నాళ్లకు వాడు నిజంగానే కనిపించేవాడు కాదు. ఏమయ్యాడని అడిగే దమ్ము ఎవడికుంది? అసలు దర్బారులోకన్నా ఫొటోలోనే స్తంభాలు ఎక్కువైపోయాయి.

ఒకరోజు, రాజుగారికి కుడిపక్క మూడోవాణ్ణి తీసెయ్యమన్నారు. తాత పలకను వెలుగుకు పట్టి చూశాడు. అక్కడ గొడుగు పట్టుకుని నిలబడ్డది మా చిన్నతాత. సొంత తమ్ముడు, తాత ఎత్తుకు పెంచినవాడు.

గాజును గీకేది మందు పూసిన వైపు నుంచి. అటునుంచి చూస్తే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. ఇన్నేళ్లలో తాత ఒక్కసారీ పొరబడలేదు. ఆరోజు కావాలనే పొరబడి, అవతలి పక్క మూడోవాణ్ణి, పాపం దీపాలు వెలిగించేవాణ్ణి, గీకిపారేశాడు. అడిగితే పలక తిరగబడిందని చెప్పొచ్చులే అనుకున్నాడు. ఎవరూ అడగలేదు. గుమ్మానికెక్కిన ఫొటోను తప్పనడానికి రాజుగారికి కూడా నోరు రాలేదేమో.

వారం తిరక్కుండా ఒక పొద్దున దీపాలవాడు మా గడపలో వచ్చి నిలబడ్డాడు. వాకిట్లో కుక్క తలైనా ఎత్తలేదట. "అన్నా, మా ఆవిడ కూడా తలుపు తియ్యట్లేదు. నేను ఫలానా అని కోట గుమ్మం దగ్గర ఒక్క మాట చెప్పన్నా, చాలు," అన్నాడు.

తాత వాణ్ణి ఎగాదిగా చూశాడు. ఆ తర్వాత, "ఎవరు బాబూ నువ్వు?" అన్నాడు.

చిన్నతాత తింటున్నవాడల్లా చెయ్యి కడిగేసుకుని లేచాడు. దర్బారులో తనకు అవతలి పక్క మూడోవాడు అతనే కదా, అన్న మొహం చూడగానే ఆయనకు సంగతంతా అర్థమైపోయింది. "పోవాల్సింది నేను కదా. ఆ ముక్క నేనే చెప్తా, పద," అని దీపాలవాడి భుజం మీద చెయ్యేసి తీసుకుపోయాడు. తాత ఎప్పట్లాగే పనికి వెళ్లాడు. అంత పిరికివాడి మనవరాలినని చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గే.

సాయంత్రం దాకా చూసి చూసి నానమ్మే కోటకు పరుగెత్తింది. గుమ్మంలో కొత్త ఫొటో, ఇంకా తడిగా ఉంది. రాజుగారికి అటూ ఇటూ మూడో చోట మనుషులు లేరు, స్తంభాలున్నాయి. మా మరిది ఇటే వచ్చాడు, ఎక్కడున్నాడు నాయనా అని ఆవిడ కాపలావాణ్ణి బతిమాలింది. అతను మంచివాడే. ఆవిడను కూర్చోమని బల్ల చూపించాడట.

"ఎవరో వచ్చి మీ మరిదిననే చెప్పుకున్నాడమ్మా. అందుకే మీ ఆయన్ని పిలిపించి ఎదురుగా నిలబెట్టి అడిగాం. తనకి తమ్ముళ్లెవరూ లేరన్నాడు."